గంట తీగకు ఆ చివర

ఫిబ్రవరి 9

బావమరిదికి ఆశీర్వాదాలు.

మేమిద్దరం బాగున్నాం. బావ ఫోనెందుకు ఎత్తడని మీ అక్క దగ్గర సణిగావట. ఎత్తి ఏం చేయను? సగం జీవితం బొగ్గుగనిలో తూటాలు పేల్చిన చెవులివి. నువ్వు అటునుంచి అరుస్తావు, నేను ఇటునుంచి "ఆ, ఆ" అంటాను, మధ్యలో మన సంగతులు వీధంతా వింటుంది. పోనీ సెల్లులో అక్షరాలు కొడదామంటే నా వేలు ఒకటి ఆనిస్తే మూడు అక్షరాలు పడుతున్నాయి. కాబట్టి ఉత్తరమే గతి. ఆ వంకతో నీ చేతిరాత కూడా కాస్త బాగుపడుతుంది.

ముందు ఊరి సంగతి. గని మూసేశాక నువ్వు మూటాముల్లె సర్దుకుని వెళ్ళినప్పటి ఊరు కాదిది. ఓపెన్‌కాస్టు గుంత నీళ్ళు నిండి చెరువైంది. దాన్ని "లేక్" అనాలట, చెరువంటే టూరిజం ఆఫీసు వాళ్ళు నొచ్చుకుంటున్నారు. తవ్విపోసిన మట్టిగుట్టల మీద గడ్డి మొలిస్తే, వాటి మీద సైకిళ్ళు తొక్కడానికి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తున్నారు. మనం పెళ్ళలు రాలతాయని దూరంగా తప్పుకుని నడిచిన ఆ నిలువు రాతిగోడ గుర్తుందా? నడుముకు తాళ్ళు కట్టుకుని దాని మీద పాకుతున్నారు. పైగా డబ్బిచ్చి పాకుతున్నారు. మేనేజరు బంగళా హోటలైంది. మన క్వార్టరు ముందుగదికి సున్నం వేయించి మీ అక్క కూడా అద్దెకిస్తోంది. వచ్చినవాళ్ళు పొద్దున్నే కిటికీ తెరిచి "ఎంత మంచి గాలో!" అంటారట. ఈ గాలే పీల్చి మనవాళ్ళలో సగం మంది దగ్గి దగ్గి పోయారు. ఆ మాట వాళ్ళకెందుకులే అని మీ అక్క ఊరుకుంటుంది.

ఇక నా సంగతి చెప్తాను, నవ్వకు. నేనిప్పుడు ఆ చెరువులో పడవ నడుపుతున్నాను. సెలవు రోజున తప్ప ఆకాశం ఎలా ఉంటుందో తెలియని వాణ్ణి, ఇప్పుడు పొద్దస్తమానం దాని కిందే ఉంటున్నాను. ఎక్కినవాళ్ళు ఒడ్డు దాటేదాకా గలగలా మాట్లాడుకుంటారు. నడిమధ్యకు వెళ్ళేసరికి ఒక్కొక్కరే నోళ్ళు మూసి నీళ్ళకేసి చూస్తారు. అక్కడ చెవులతో ఎవరికీ పనుండదు, అందరూ నాలాంటి వాళ్ళయిపోతారు. ఇంత సుఖం నాకు ఏ పనిలోనూ దొరకలేదురా.

అసలు విషయానికొస్తాను. మన గని మీది చక్రాల గోపురానికి రంగులు వేస్తున్నారు. కింద గోతిని సిమెంటుతో మూసేశారు. కానీ మనల్ని గనిలోకి దించిన ఆ ఇనుప కేజ్‌లోనే టూరిస్టుల్ని ఎక్కించి, గోపురం పైదాకా తీసుకెళ్ళి లేక్ అంతా చూపిస్తారట. ఆ కేజ్‌ని దించి ఎత్తిన నీ వైండింగ్ ఇంజన్ గది తలుపులు తీశారు. ఆ ఇంజన్ నడిపిన మనిషి ఎవరైనా ఉన్నారా అని మొన్న మీటింగులో ఆఫీసు మేడమ్ అడిగిందని పక్కవాడు అరచేతి మీద రాసి చూపించాడు. నేను చటుక్కున లేచి నీ పేరు చెప్పాను. బావ బతకగోరతాడు, దాయాది చావగోరతాడు అని ఊరికే అనలేదు పెద్దలు. ఆసుపత్రి లిఫ్టులో ఎన్నాళ్ళు బటన్లు నొక్కుతూ కూర్చుంటావు, లిఫ్టు దొరా? నీ కుర్చీ ఖాళీగా ఉంది. వచ్చెయ్.

మీ బావ

ఫిబ్రవరి 21

పడవల జమీందారు బావకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి మీ చెల్లెలు కడుపుబ్బ నవ్వింది. స్నానానికి బకెట్లో నీళ్ళు చూసి భయపడే అన్నయ్య పడవ నడపడమేమిటని అడుగుతోంది. నేను మాత్రం నవ్వలేదు. నిజం చెప్పాలంటే కాస్త కుళ్ళుకున్నాను.

ఇక్కడ నా కొలువుకేం లోటు లేదు. లిఫ్టులో స్టూలు వేశారు. ఎక్కినవాళ్ళు అంతస్తు చెప్తారు, నేను నొక్కుతాను. వాళ్ళే నొక్కుకోవచ్చు గానీ, స్ట్రెచర్లు వస్తాయి కాబట్టి ఒక మనిషి ఉండాలన్నారు. వచ్చే ఏడు పర్మనెంటు చేయిస్తానని సూపరింటెండెంటు మాటిచ్చాడు. మీ చెల్లెలికి కుట్టుపని కుదురుకుంది. ఇప్పుడు అన్నీ వదులుకుని అక్కడికొస్తే ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె అన్నట్టవుతుందని ఆమె భయం. ఆ భయంలో న్యాయముంది.

అయినా ఒకటి ఒప్పుకోవాలి బావా. నీ ఉత్తరం అందిన రోజు లిఫ్టులో కూర్చుని నా కుడిచెయ్యి చూసుకున్నాను. లీవరు పట్టిన చెయ్యి. కేజ్‌లో ఎక్కే మీరెవరూ నాకు కనబడేవాళ్ళు కాదు. నాకు తెలిసిందల్లా గంట. ఒకటి కొడితే ఆపాలి, రెండు కొడితే దించాలి, మూడు కొడితే మనుషులెక్కారు, జాగ్రత్త. నేను కూడా తిరిగి మూడు కొడితేనే మీరు గేటు మూసేవాళ్ళు. ఒకటే తీగ. ఈ చివర లాగితే ఆ చివర గంట, ఆ చివర లాగితే ఈ చివర గంట. మనుషుల్ని నా చేతికి అప్పగించినట్టు, నేను పుచ్చుకున్నట్టు ఉండేది. ఇక్కడ బటను నొక్కాక నేను ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

అందుకని నువ్వొక పని చెయ్యి. ఆ మేడమ్‌ని సూటిగా అడుగు. నేను లీవరు తోస్తే కేజ్ నిజంగా కదులుతుందా, లేక టూరిస్టుల కోసం ఉత్తుత్తి తమాషానా? నిజంగా కదిలేదైతే ఆలోచిస్తాను. తమాషా అయితే నన్నిలా వదిలెయ్.

అక్క ఇంకా నేల మీద కాలు తట్టే నిన్ను పిలుస్తోందా? ఒకటి తడితే ఆగు, మూడు తడితే ఇంటికి మనుషులొచ్చారు అని? గని మూతపడ్డా మీ ఇంట్లో మాత్రం ఇంకా షిఫ్టు నడుస్తోంది.

నీ బావమరిది

మార్చి 3

బావమరిదికి,

అడిగాను. నువ్వు రాసింది రాసినట్టుగా అడిగాను. మేడమ్ చెరువు గట్టుకు వచ్చినప్పుడు పట్టుకుని, మా బావమరిది లీవరు తోస్తే కేజ్ కదులుతుందా అమ్మా అన్నాను. ఆమె చాలాసేపు వివరంగా చెప్పింది. చేతులు కూడా తిప్పి చూపించింది. పాపం మంచి మనిషి, చివర్న నవ్వుతూ తలూపింది. నేనూ తలూపి దండం పెట్టి వచ్చాను. నీ అనుమానాలు ఇక కట్టిపెట్టు.

అంతటితో ఊరుకోకుండా ఇంజన్ గదికి వెళ్ళి చూసొచ్చాను. లీవర్లకు నూనె రాశారు. బ్రేకు పెడలు, పెద్ద డయలు, గంట తీగ, తీగ చివర ఇత్తడి పిడి, అన్నీ తళతళలాడుతున్నాయి. నీ కుర్చీకి కొత్త తోలు వేశారు. ఆ కుర్చీలో నేను ఒక్క నిమిషం కూర్చుని లేచాను, ఏమీ అనుకోకు. నా ప్రాణం అన్నేళ్ళు ఎక్కడినుంచి దిగి ఎక్కడికి ఎక్కిందో చూడాలనిపించింది.

మే నెలలో తెరుస్తారట. మన వీధిలో రెండిళ్ళ అవతల ఓ క్వార్టరు ఖాళీగా ఉంది, అడిగి పెట్టాను. చెల్లెలికి ఇక్కడ కుట్టుపనికేం కొదవ లేదని చెప్పు. రాళ్ళెక్కేవాళ్ళ బట్టలు రోజూ చిరుగుతూనే ఉంటాయి.

పోయిన ఉత్తరం చివర తనూ రెండు ముక్కలు రాస్తానని మీ అక్క అంది. అప్పటికే కవరు అంటించేశాను. ఆమె ఎప్పుడూ ఇంతే, కవరు అంటించాక గుర్తొస్తాయి ఆమెకు మాటలు.

మీ బావ

మార్చి 15

బావా,

రాజీనామా ఇచ్చేశాను.

ఈ మాట కాగితం మీద పెట్టాక చెయ్యి తేలికైంది. సూపరింటెండెంటు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, పర్మనెంటయ్యే ముందు ఎవరైనా మానేస్తారా అని అడిగాడు. నాకు నా ఇంజన్ దొరికిందని చెప్పాను. ఆయనకేం అర్థమైందో తెలియదు గానీ, స్ట్రెచర్లు తోసే వాళ్ళు మాత్రం టీ ఇప్పించారు. మీ చెల్లెలు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కుట్టుమిషన్‌కి గోనెపట్టా చుట్టింది. ఒప్పుకున్నట్టే.

నువ్వు "అడిగాను" అని రాశావు, నాకదే చాలు. వేరే ఎవడు చెప్పినా పది ప్రశ్నలు వేసేవాణ్ణి. నీ మాట మీద నమ్మకంతోనే ఈ గీత దాటాను. నెల నోటీసు అయిపోగానే సామానుతో వస్తాం.

నీ తరఫున ఒక మంచి పని కూడా చేశాను. నన్ను గుర్తుంచుకుని పిలిచినందుకు టూరిజం ఆఫీసుకు కృతజ్ఞతగా ఉత్తరం రాశాను. అందులోనే, మా బావకు తూటాల మోత వల్ల చెవులు వినబడవు కదా, మీటింగుల్లో ఇబ్బంది పడుతున్నాడు, ఏదైనా ఉంటే కాగితం మీద రాసి ఇవ్వండి, చక్కగా చదువుకుంటాడు అని మర్యాదగా మనవి చేశాను. ఇకమీదట ఎవరి అరచేతులూ చూడక్కర్లేదు నువ్వు.

అక్కకు చెప్పు, వస్తున్నానని.

నీ బావమరిది

మార్చి 16

బావమరిదికి,

ఈ ఉత్తరం అందగానే చదువు. చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి చదువు. మీ అక్క సెల్లు పాడై మూలన పడింది, లేకపోతే ఈపాటికి దాంట్లోనే చెప్పించేవాణ్ణి.

ఉన్నచోటే ఉండు. రాజీనామా గీజీనామా అనుకుంటే మానుకో. ఇంజన్ గదిలో పనిచేసే ఎలక్ట్రీషియన్ మన ముందుగదిలో అద్దెకు దిగాడు. నిన్న అతను మాటల్లో చెప్పిందంతా మీ అక్క పలక మీద రాసి నా ముందు పెట్టింది. కేజ్‌కి గోడ వెనక వేరే మోటారు బిగించారట. ఎక్కినవాళ్ళే బటను నొక్కుకుంటారట. నీ లీవర్లు దేనికీ తగిలి లేవు, అడుగున వెల్డింగు చేసేశారు. పాత మనిషి పాత బట్టల్లో కూర్చుని నడుపుతున్నట్టు కనిపించాలి, అంతే వాళ్ళకు కావలసింది.

నేను సరిగ్గా కనుక్కోలేకపోయాను. ఎలా జరిగిందో తర్వాత రాస్తాను. ఇప్పుడు ముఖ్యం నువ్వు తొందరపడకపోవడం. నీ పర్మనెంటు ఉద్యోగం నీకుంటుంది, ఆ తోలు కుర్చీలో ఎవడైనా బొమ్మని కూర్చోబెట్టుకోనీ.

ఈ ఉత్తరం నీకు సమయానికి అందితే చాలు.

మీ బావ

ఏప్రిల్ 1

బావగారికి,

మీ ఉత్తరం అందింది. నాది మీకు అందే ఉంటుంది. రెండూ దారిలో ఎదురుపడి పలకరించుకోకుండా వెళ్ళిపోయినట్టున్నాయి.

నోటీసు గడువు ఇంకా ఉండగానే నా స్టూలు మీద వేరే మనిషిని కూర్చోబెట్టారు. సూపరింటెండెంటు దగ్గరికి తిరిగి వెళ్ళి అడిగాను. ఆయన మంచిగానే మాట్లాడాడు గానీ, కాగితాలు పైకి వెళ్ళిపోయాయన్నాడు. ఇంటి ఓనరు కూడా వేరే వాళ్ళకు మాటిచ్చేశాడు. రెంటికీ చెడ్డ రేవడిలా నడిబజార్లో నిలబడ్డాను.

మీరు "అడిగాను" అని రాశారు. "వివరంగా చెప్పింది" అని రాశారు. ఇప్పుడేమో సరిగ్గా కనుక్కోలేకపోయానంటున్నారు. ఇందులో ఏది నమ్మాలి? అడగకుండానే అడిగానని రాశారనుకోవాలా, లేక అన్నీ తెలిసే నన్ను రప్పించాలనుకున్నారా? అక్కకు తోడు కావాలనుకుంటే ఆ మాటే రాయాల్సింది. అప్పుడు కూడా వచ్చేవాణ్ణేమో. నా ఇంజన్ పేరు చెప్పి రప్పించనక్కర్లేదు.

బావ బతకగోరతాడన్నారు మీరు. మీ చెల్లెలు ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి చూపించి, వంటగదిలోకి వెళ్ళిపోయింది. ఆమె అరిచినా బాగుండేది.

మీ బావమరిది

ఏప్రిల్ 9

బావమరిదికి,

"మీరు" అన్నావు. మీ అక్కను చేసుకున్నప్పటినుంచి ఆ మాట నీ నోట విన్నది లేదు. విన్నా వినబడకపోయేదనుకో.

నీ కోపం న్యాయమే, దానికి తలొంచుతాను. కానీ కోపం తీర్చుకునే దారి ఇది కాదు. నా పడవ పోయింది. నీ ఉత్తరం చదివిన మర్నాడే పై ఆఫీసు డాక్టరు వచ్చాడు, చేతిలో నువ్వు ఆఫీసుకు రాసిన కాగితంతో. నన్నొక అద్దాల పెట్టెలో కూర్చోబెట్టి చెవులకు డిప్పలు తగిలించారు. మోత వినబడితే చెయ్యెత్తమని రాసి చూపించారు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మధ్యలో ఊరికే రెండుసార్లు ఎత్తాను. డాక్టరు నవ్వాడు. చెడ్డ నవ్వు కాదులే, జాలి నవ్వు.

పడవలో ఎవరైనా పడిపోయి అరిస్తే వినాలి కదా, అందుకని కుదరదన్నారు. అది తప్పని నేననలేను. తెడ్లు అప్పగించి వచ్చేశాను.

నీకు ఇంతవరకు రాయని ముక్క ఒకటుంది. చేరినప్పటినుంచీ నా చెవుల సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఎదురుగా కూర్చుని పెదాలు చూసేవాణ్ణి, వాళ్ళు నవ్వితే నవ్వేవాణ్ణి. ఊళ్ళో మనవాళ్ళందరికీ తెలిసినా, ఒక్కరు కూడా బయట పెట్టలేదు. ఆ రోజు మేడమ్ నీ లీవరు గురించి ఏం చెప్పిందో నాకు ఒక్క ముక్క వినబడలేదు. గాలి కొడుతోంది, ఆమె చెరువు వైపు తిరిగి మాట్లాడింది. మళ్ళీ చెప్పమంటే దొరికిపోతాను. గంగిరెద్దులా తలూపాను. వినబడలేదని నీకు రాయడానికి కూడా సిగ్గేసింది. నా తప్పు అది. ఆ తప్పుకు నువ్వు పోయి ఆఫీసుకు ఉత్తరం రాసి, నన్ను చెరువు నుంచి లాగి గట్టున పడేశావు. ఇప్పుడు లెక్క సరిపోయిందిలే.

మీ బావ

ఏప్రిల్ 16

బావా,

ఒట్టు, పగతో రాయలేదు. ఆ ఉత్తరం నేను రాసింది నీ మార్చి 16 నాటి ఉత్తరం రాకముందు, సంతోషం పట్టలేక. మార్చి 15న నీకు రాసిన దాంట్లోనే ఆ సంగతి ఉంది, కింద సగంలో. నువ్వు అంతదాకా చదవలేదు కదూ? "రాజీనామా ఇచ్చేశాను" అన్న చోటే ఆగిపోయి ఉంటావు. నేనైనా అక్కడే ఆగేవాణ్ణి.

నువ్వు దాచావని నాకు తెలియదు. నీ చెవుల సంగతి ఊరందరికీ తెలుసు కదా, ఆఫీసుకు తెలియకపోవడమేమిటని కలలో కూడా అనుకోలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆ అద్దాల పెట్టెలో నువ్వు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నాకు రోజూ కళ్ళ ముందు కదులుతోంది. పడవ గురించి నువ్వు రాసిన ఆ మొదటి ఉత్తరం తీసి చదివాను. "ఇంత సుఖం నాకు ఏ పనిలోనూ దొరకలేదురా" అన్న చోట ఆపేశాను. ఆ పైన చదవలేకపోయాను. అది చెడగొట్టింది నేనే. మర్యాదగా, కృతజ్ఞతతో, మంచి చేతిరాతతో చెడగొట్టాను.

"మీరు" అన్నందుకు చెప్పుతో కొట్టు.

ఇక్కడ ఇక మాకు నిలవడానికి చోటు లేదు. ఆఫీసుకు మళ్ళీ రాశాను, ఆ బొమ్మ ఉద్యోగమే చేస్తానని. ఒప్పుకున్నారు. నెలాఖరుకు వస్తున్నాం. నువ్వు అడిగి పెట్టిన క్వార్టరు వద్దు, మీ ఎదుట పడే ముఖం లేదు. ఒక వీధి అవతల చూసుకుంటాను.

నీ బావమరిది

మే 18

బావా,

ఒకే ఊళ్ళో ఉండి ఉత్తరం రాయడం ఏం ఖర్మ అని మీ చెల్లెలు మొట్టికాయలు వేస్తోంది. మేమొచ్చి ఇన్నాళ్ళయినా నువ్వు గుమ్మం దాటలేదు. నేను మీ వాకిట్లోకి రెండుసార్లు వచ్చాను. అక్క నేల మీద మూడు తట్టింది, నాకు గుమ్మం బయటికి వినబడింది. నువ్వు లేచి పెరట్లోకి వెళ్ళిపోయావు. నేల అదిరిందని తెలిసే వెళ్ళావు. అందుకే ఇది రాసి అక్క చేతికిస్తున్నాను.

నా ఉద్యోగం గురించి చెప్తాను, నీకు నవ్వొస్తే నాకు పుణ్యం. పొద్దున్నే ఖాకీ చొక్కా ఇస్తారు, కొత్తదే, కానీ మోచేతుల దగ్గర ముందే చింపి అతుకులేశారు. చెంపలకు నల్లరంగు పూస్తారు. ఇంజన్ గదిలో కూర్చునేవాడికి మసి ఎక్కడిదమ్మా అన్నాను. బొగ్గుమనిషంటే నల్లగా ఉండాలండీ, ఫొటోలో తెలియాలి కదా అంది మేడమ్. చెమట పట్టినట్టుండాలని నుదుటి మీద నీళ్ళు చల్లుకోమన్నారు. నా సర్వీసంతా ఆ కుర్చీలో చెమట పట్టింది భయంతోనే గానీ కష్టంతో కాదు.

మొదటి రోజు కేజ్ పైకెళ్తుంటే, చెయ్యి ఊరుకోక మెల్లగా బ్రేకు వేశాను. కేజ్ నాకంటే ముందే ఆగింది. ఇప్పుడు దాని వేగం కనిపెట్టి, అది ఆగేవేళకు లీవరు వెనక్కి లాగుతున్నాను. చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు. ఒకాయన "మీ చేతుల్లో మా ప్రాణాలున్నాయండీ" అని కరచాలనం చేశాడు. నవ్వాను.

ఊరు మాత్రం బాగుంది, అది ఒప్పుకోవాలి. వీధిలో దీపాలున్నాయి, దుకాణాల్లో మనుషులున్నారు, సైకిళ్ళ షాపు ముందు మనవాళ్ళ పిల్లలే జీతాలకు పనిచేస్తున్నారు. అందరికీ కలిసొచ్చింది. మనిద్దరమే ఒకరికొకరం మేలు చేయబోయి ఇలా తయారయ్యాం.

గోపురం పక్కన ఎత్తు మీదున్న నా ఇంజన్ గదికి కొత్తగా కిటికీ పెట్టారు, అందులోంచి కింద కేజ్ గేటు, అవతల లేక్ కనిపిస్తాయి. నీ పడవ ఇప్పుడు వేరే మనిషి నడుపుతున్నాడు. నీలా తిన్నగా పోవడం లేదు.

నీ బావమరిది

జూన్ 2

బావమరిదికి,

మీ అక్క నీ ఉత్తరం ఇచ్చి, చదివేదాకా నా ఎదుట నుంచి కదలలేదు. చదివాను. మోచేతి అతుకుల దగ్గర నవ్వాను కూడా. మీ అక్క చూసేసింది, లేకపోతే దాచేవాణ్ణి.

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధం. ఉందని రాసినా అబద్ధమే. నువ్వొచ్చినప్పుడు పెరట్లోకి ఎందుకు వెళ్తున్నానో చెప్తాను. నువ్వు నా ఎదుట కూర్చుంటే నేను నీ పెదాలు చూడాలి, వేరే దారి లేదు నాకు. క్షమించు బావా అని ఆ పెదాలు కదలడం నేను చూడలేను. చూస్తే నేనూ ఏదో అనాలి. నా గొంతు ఎలా పలుకుతుందో నాకే తెలియదు కదా, ఏడుపులా ఉంటే ఎలా? అదీ సంగతి.

ఇన్నాళ్ళూ అరుగు మీద చెరువుకు వీపు పెట్టి కూర్చున్నాను. మీ అక్క విసిగిపోయి తనే ఆఫీసుకు వెళ్ళి, మేడమ్‌తో ఏం మాట్లాడిందో, ఓ పని పట్టుకొచ్చింది. రేపటినుంచి గోపురం కింద, కేజ్ గేటు దగ్గర. పాత హెల్మెట్టు పెట్టుకుని, టూరిస్టులెక్కాక గంట తీగ లాగి గేటు మూయాలి. వాళ్ళకు ఆ గంట మోత సరదాట. దీనికి చెవులు అక్కర్లేదని డాక్టరు సంతకం కూడా పెట్టాడు. నాకు వినబడని గంట రోజంతా నేనే కొట్టాలి. మేడమ్ మంచి మనిషే, ఇందులో ఉన్న వెటకారం ఆమెకు తోచి ఉండదు.

వెళ్తాను. ఇంట్లో కూర్చుని మీ అక్క మొహం చూడటం కంటే నయం. నువ్వు పైన బొమ్మవి, నేను కింద బొమ్మని. గేటు దగ్గరికి దిగి వచ్చి పలకరించకు, ఇప్పుడే వద్దు.

మీ బావ

జూన్ 3

బావా,

దిగి రాలేదు. నీ మాట మీదే ఉన్నాను. అందుకే ఇది కూడా అక్క చేతికే ఇస్తున్నాను. పొద్దున నువ్వు డ్యూటీకి బయలుదేరే ముందే చదవాలి.

ఇన్నాళ్ళూ గేటు దగ్గర ఆ తీగను ఎవరికి తోచినట్టు వాళ్ళు లాగేవాళ్ళు. ఒకరు ఆరు కొడతారు, ఒకరు పదికి తక్కువ కాకుండా వాయిస్తారు. నేను కిటికీలోంచి చూస్తూ ముఖం అలాగే పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఇవాళ మూడు మోగాయి. మధ్యలో సరిగ్గా ఊపిరి పీల్చుకునేంత ఎడం. అలా కొట్టే మనిషి ఈ ఊళ్ళో ఇంకెవరూ మిగల్లేదు. నువ్వు అలవాటుగా కొట్టావని నాకు తెలుసు. నా చెయ్యి కూడా అలవాటుగానే లీవరు మీదికి వెళ్ళింది. ఫొటో కోసం నిలబడ్డ వాళ్ళు నన్ను చూసి ఏమనుకున్నారో, ఇటు తిరగండి తాతా అని కూడా అనలేదు.

లీవరు ఉత్తుత్తిదే. బ్రేకు ఉత్తుత్తిదే. చొక్కా అతుకులు, చెంప మీది మసి, అన్నీ ఉత్తుత్తివే. కానీ తీగ పాతదే బావా. మోటారు పెట్టినవాళ్ళకు దాన్ని పీకెయ్యాలని తోచలేదు. ఈ చివర లాగితే ఆ చివర గంట, ఆ చివర లాగితే ఈ చివర గంట. ఇంకా అలాగే ఉంది.

నువ్వు కొట్టగానే నేను కూడా తిరిగి మూడు కొట్టాను. కిటికీలోంచి చూస్తే, నువ్వు అప్పటికే పిడి వదిలేసి గేటు మూస్తున్నావు. జవాబు రాకుండా గేటు మూసిన మనిషివి కాదు నువ్వు. వినబడదు కాబట్టి రాదనుకున్నావు. రోజంతా అంతే జరిగింది. నువ్వు కొట్టావు, వదిలేశావు. నేను తిరిగి కొట్టాను, నీ వెనకాల ఆ ఇత్తడి పిడి ఊగి ఊగి ఆగింది. నువ్వు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

క్షమించమని రాయను, నా పెదాలు కదిలితే చూడలేనన్నావు కదా. ఇంకొకటి అడుగుతాను. రేపు మూడు కొట్టాక పిడి వదలకు. అలాగే పట్టుకుని ఉండు. నేను లాగితే నీ చేతికి తెలుస్తుంది. తెలిసేదాకా గేటు మూయకు.

నీ బావమరిది